"పైనుంచి రాలేదు" అంటే ఎక్కడినుంచి? ఇంటి బిల్లు, కాలనీ నిధులు ఎక్కడ ఆగాయో మీరే కనుక్కునే పద్ధతి

నెల్లూరు జిల్లా కోవూరు మండలంలో ఒక యానాది గిరిజనుల కాలనీ. గోడలు లింటెల్ దాకా లేచి ఆగిపోయిన ఇల్లు. పైకి పొడుచుకొచ్చిన చువ్వలు తుప్పుపట్టి, వాన పడ్డప్పుడల్లా గోడ మీద ఎర్రటి చారలు దిగాయి. పక్కనే పట్ట కప్పిన పాకలో కాపురం. "బిల్లు ఎందుకు పడలేదమ్మా?" అని అడిగితే ఆ ఇంటామె ఒకటే మాట చెప్పింది. "పైనుంచి రాలేదంట సారూ." ఎవరు చెప్పారు? "అందరూ అదే అంటన్నారు."

సామాజిక తనిఖీల్లో, అంటే రికార్డుల్ని ఊళ్లో జనంతో సరిపోల్చి చూసే తనిఖీల్లో, పనిచేసిన రోజుల్లో ఈ మాట నేను వినని ఊరు లేదు. విన్న ప్రతిసారీ కడుపులో ఏదో కలుక్కుమనేది. ఎందుకంటే 'పైన' అనేది ఒక ఆఫీసు కాదు, ఒక మనిషి కాదు. మీ ఊరి సచివాలయం నుంచి ఢిల్లీ దాకా వరసగా కొన్ని బల్లలున్నాయి. ప్రతి బల్ల దగ్గరా ఒక కాయితమో, ఒక ఫొటోనో, ఒక సంతకమో ఉంటుంది. మీ డబ్బు ఏ బల్ల దగ్గర ఆగిందో ఆ కాయితమే చెబుతుంది. దాన్ని పేరు పెట్టి అడగడం నేర్చుకుంటే సగం పని అయినట్టే. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు, కాలనీలో రోడ్డూ కాలవా లేక ఇబ్బంది పడేవాళ్లు ఏ వరసలో అడగాలో కింద రాస్తున్నాను.

మొదట: మీ ఇల్లు ఏ పథకంలో ఉంది?

ఇది చాలామందికి తెలియదు. "గవర్నమెంటు ఇల్లు" అంటారు. అక్కడే దారి తప్పుతుంది.

పల్లెల్లో కొన్ని ఇళ్లు ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ కింద ఉంటాయి. 2016లో మొదలైన ఈ పథకంలో మైదాన ప్రాంతంలో ఇంటికి ఇచ్చే సాయం 1.20 లక్షలు. అందులో 60 శాతం కేంద్రానిది, 40 శాతం రాష్ట్రానిది. ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లుండాలి. పట్టణాలకు 2015 జూన్‌లో ప్రకటించిన అర్బన్ పథకం వేరు. సొంత స్థలంలో కట్టుకునేవాళ్లకు దాని కింద కేంద్రం 1.50 లక్షలిచ్చింది. 2020 డిసెంబరులో పట్టాలిచ్చి వేసిన కాలనీల్లో ఎక్కువ ఇళ్లు దీని కిందివే. యూనిట్ ధర 1.80 లక్షలు అని మీరు వినే లెక్క ఇదే: కేంద్రం లక్షన్నర, మిగతా 30 వేలు పల్లెల్లో ఉపాధి హామీ కూలి రూపంలో. 2024లో వచ్చిన అర్బన్ 2.0లో కొత్తగా మంజూరైన ఇంటికి సాయం 2.50 లక్షలు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా చూడండి. మీ ఊరు పల్లెటూరే కావచ్చు, పంచాయతీయే కావచ్చు. కానీ అది నెల్లూరు అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ పరిధిలోనో ఒంగోలు అథారిటీ పరిధిలోనో ఉంటే మీ ఇల్లు అర్బన్ పథకంలో మంజూరై ఉండవచ్చు. నెల్లూరు అథారిటీ (నుడా అంటారు) 2017లో ఏర్పడింది, దాని పరిధిలో ఎన్నో పల్లెలున్నాయి. వరి చేల మధ్య ఉన్న ఇంటికి అర్బన్ పేరేమిటని ఆశ్చర్యపోవద్దు. గ్రామీణ్ జాబితాలో పేరు వెతికి, లేదని బెంగపడి, చివరికి అర్బన్ జాబితాలో దొరికినవాళ్లను నేను చూశాను. అందుకని సచివాలయంలో అడగాల్సిన మొదటి ప్రశ్న "బిల్లు ఎప్పుడొస్తుంది" కాదు. "నా ఇల్లు ఏ పథకం, ఏ సంవత్సరం మంజూరు, నా లబ్ధిదారు ఐడీ ఎంత" అని అడగండి. ఈ మూడూ ఒక చీటీ మీద రాయించుకోండి. ఆ చీటీ లేకుండా ఏ ఆఫీసుకీ పోకండి.

ఇంకొకటి. పాత మంజూరై ఆగిపోయిన ఇళ్లకు రాష్ట్ర ప్రభుత్వం 2025లో అదనపు సాయం ప్రకటించింది. ఎస్సీ, బీసీ కుటుంబాలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు. మన జిల్లాలో యానాది కుటుంబాలకు ఈ 75 వేలు చాలా పెద్ద మాట. కుల ధ్రువీకరణ పత్రం లేకపోతే అది అందదు. నెల్లూరులో యానాదుల కోసమే గిరిజనాభివృద్ధి సంస్థ, ఐటీడీఏ ఉంది. సర్టిఫికెట్ దగ్గర పని ఆగితే అక్కడికీ వెళ్లండి.

రెండోది: డబ్బు నిజంగానే రాలేదా?

నవ్వొచ్చే ప్రశ్న కాదిది. నేను చూసినవాటిలో మనసు కలచివేసిన సంగతి ఇది. ఇందుకూరుపేట వైపు ఒక ముసలామె ఏడాదిన్నర ఆఫీసుల చుట్టూ తిరిగింది. పాస్‌బుక్ చూపించేది. అందులో ఏమీ పడలేదు. ఆన్‌లైన్‌లో మాత్రం బేస్‌మెంట్ బిల్లు జమ అయినట్టే ఉంది. ఎట్టా? ఎప్పుడో మనవడు సిమ్ కార్డు కొనిచ్చినప్పుడు ఆమె వేలిముద్ర తీసుకుని ఇంకో ఖాతా తెరిచారు. ఆధార్ ఆ ఖాతాకి అంటుకుంది. ప్రభుత్వం డబ్బు ఆధార్ ఏ ఖాతాతో చివరిగా ముడిపడిందో దానికే పోతుంది. ఆమె దగ్గరున్న పాస్‌బుక్‌కి కాదు. ఆ డబ్బు అక్కడే భద్రంగా ఉంది, ఆమెకి తెలియదంతే. ఆ రోజు ఆమె బ్యాంకు గుమ్మం మెట్ల మీద కూర్చుని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. సంతోషానికో, పోయిన ఏడాదిన్నర తలుచుకునో.

కాబట్టి ఎవరినీ తిట్టకముందు ఆధార్‌కి ఏ బ్యాంకు ముడిపడి ఉందో చూడండి. ఆధార్ సంస్థ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్థితి అని ఉంటుంది. మొబైల్ నంబరు ఆధార్‌కి కలిపి ఉంటే ఓటీపీతో నిమిషంలో తెలుస్తుంది. నంబరు కలపలేదా, మీ బ్యాంకుకే వెళ్లి అడగండి, ఎన్‌పీసీఐ మ్యాపింగ్ (ఆధార్ ఏ ఖాతాకి ముడిపడిందో చూపే నమోదు) చూడమని ఆ మాటే వాడండి. పేరులో అక్షరం తేడా ఉన్నా, పట్టా భర్త పేరునా ఖాతా భార్య పేరునా ఉన్నా బిల్లు ఆగుతుంది. దీనికి పెద్దాఫీసు అక్కర్లేదు, ఊళ్లోనే సరిచేసుకోవచ్చు.

మూడోది: బల్లల వరస

ఇల్లు కట్టించే సంస్థ పేరు ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గృహ నిర్మాణ సంస్థ. 1979 నుంచీ ఉంది. మనం "హౌసింగోళ్లు" అనేది వీళ్లనే. ఊళ్లో సచివాలయం ఇంజినీరింగ్ అసిస్టెంట్, మండలంలో హౌసింగ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు), ఆపైన డీఈఈ (డిప్యూటీ ఇంజినీరు), డివిజన్‌లో ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు), జిల్లాకు ఒక అధిపతి. ఆయన పైన కలెక్టరు. పట్టణంలో అయితే వార్డు సచివాలయంలో అమెనిటీస్ సెక్రటరీ దగ్గర మొదలవుతుంది.

మీ ఇల్లు ఒక దశకు రాగానే ఇంజినీరింగ్ అసిస్టెంటు వచ్చి ఫొటో తీస్తాడు. ఆ ఫొటోలో మీరు తీయించుకునే ఫొటోలో లేనిది ఒకటుంటుంది: అక్షాంశం, రేఖాంశం. ఇల్లు ఎక్కడుందో ఫోనే రాసేస్తుంది. బేస్‌మెంట్, రూఫ్ లెవెల్, స్లాబు, పూర్తి. ఇవీ దశలు. ఆ ఫొటోని మండలంలో ఏఈ చూసి ఒప్పుకోవాలి. తర్వాత బిల్లు తయారై పైకెళ్తుంది. మీరు హౌసింగ్ గోడౌన్‌లో సిమెంటు, స్టీలు తీసుకుని ఉంటే ఆ విలువ మినహాయించి మిగిలిందే ఖాతాలో వేస్తారు.

ఈ మినహాయింపు దగ్గర ఒక్క క్షణం ఆగండి. "బిల్లు తక్కువ పడింది, తినేశారు" అని ఊళ్లో గొడవలయ్యేది ఎక్కువగా ఇక్కడే. కొన్నిసార్లు ఎవరూ తినలేదు, సామాన్ల విలువ పట్టుకున్నారు, అంతే. కొన్నిసార్లు మాత్రం తీసుకోని సామాను మీ పేరున రాసి ఉంటుంది. రెంటికీ తేడా తెలియాలంటే సామాను ఇచ్చిన రిజిస్టరులో మీ పేరున్న పేజీ చూడాలి. నేను ఒక తనిఖీలో అలాంటి పేజీ చదివి వినిపిస్తే ఆ ఇంటాయన, "ఆ సంతకం నాది కాదబ్బా, నేను వేలిముద్రోణ్ణి" అన్నాడు. పేజీలో మెలికలు తిరిగిన చక్కటి సంతకం ఉంది. ఆయన ఎడమ బొటనవేలు ఎత్తి అందరికీ చూపించాడు. ఆ మీటింగులో ఇక ఎవరూ మాట్లాడలేదు. ఆ స్టీలు విలువ ఆయనకి తిరిగి కట్టాల్సిందేనని అక్కడే రాశారు. మీరు కూడా సామాను తెచ్చుకున్న రోజే తేదీ, ఎన్ని బస్తాలు, ఎన్ని కిలోలు అని మీ పుస్తకంలో రాసి, అక్కడున్నవాళ్లతో సంతకం పెట్టించుకోండి. చదువు రాకపోతే బడికెళ్లే పిల్లతో రాయించండి.

ఇప్పుడు ఆ 'పైనుంచి' సంగతి. నిజంగానే పైనుంచి రాని సందర్భం ఒకటుంది. దాని కారణం కింద ఉంటుంది. అర్బన్ పథకంలో కేంద్రం తన వాటాని 40, 40, 20 శాతాలుగా మూడు విడతల్లో ఇస్తుంది. మొదటి విడతలో 70 శాతం ఖర్చయిందని లెక్క చూపించి వినియోగ పత్రం పంపితేనే రెండో విడత విడుదలవుతుంది. ఆఫీసుల్లో దాన్ని యూసీ అంటారు. మీ ఊళ్లో స్లాబు పడిపోయి, ఫొటో మాత్రం ఇంకా బేస్‌మెంట్ దగ్గరే ఉందనుకోండి. కాయితం మీద మీ ఇల్లు ముందుకు కదల్లేదు. అలాంటి ఇళ్లు వేలల్లో పోగైతే జిల్లా వెనకబడింది, రాష్ట్రం వెనకబడింది. అంటే "పైనుంచి రాలేదు" అన్న మాటకి జవాబు మీ వీధిలో తీయని ఫొటోలో ఉండొచ్చు. కాబట్టి దశ పూర్తయిన రోజే ఫోన్ చేసి ఫొటో తీయించుకోండి. రెండు రోజుల్లో ఆన్‌లైన్‌లో దశ మారిందా లేదా సచివాలయంలో అడిగి తెరమీద చూపించమనండి.

ఇంజినీరింగ్ అసిస్టెంటు మీద కేకలు వేయకండి. ఆ పిల్లాడు ఒక్కడే రెండు మూడు వందల ఇళ్లు చూసే ఊళ్లున్నాయి. అతని చేతిలో ఫొటో ఉంది, డబ్బు లేదు. మర్యాదగా అడిగితే బిల్లు ప్రస్తుతం ఎవరి లాగిన్‌లో ఉందో చెబుతాడు. అది చాలు, మీకు తర్వాతి బల్ల తెలిసిపోయింది. ఫొటోకి, బిల్లు పెట్టడానికి డబ్బులడిగితే మాత్రం ఆ మనిషి ఎవరైనా సరే, అవినీతి నిరోధక శాఖ టోల్‌ఫ్రీ నంబరు 1064కి ఫోన్ చేయండి.

నాలుగోది: కాలనీ రోడ్డు, కాలవ, నీళ్లు

ఇంటి డబ్బు మీ ఖాతాకి వస్తుంది, కాబట్టి తెలిసిపోతుంది. రోడ్డు డబ్బు ఎవరి ఖాతాకీ రాదు. అందుకే దాన్ని ఎవరూ అడగరు. మోకాటి లోతు బురదలో పిల్లల్ని ఎత్తుకుని బడికి పంపే తల్లులు కూడా "రోడ్డు మంజూరు కాలేదంట" అని ఊరుకుంటారు.

అడగండి. పంచాయతీకి వచ్చే డబ్బులో ఆర్థిక సంఘం నిధులు ముఖ్యమైనవి. 2021 నుంచి 2026 దాకా నడిచిన 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీటికీ పారిశుధ్యానికే ఖర్చు పెట్టాలని నిబంధన. ఆ లెక్క ఈ-గ్రామస్వరాజ్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. సంవత్సరం, రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుంటే ఏ పనికి ఎంత చెల్లించారో వోచర్లతో సహా వస్తుంది. ఫోన్ వాడే కుర్రాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. ఒక సాయంత్రం రచ్చబండ దగ్గర కూర్చోబెట్టి చదివించండి. "ఫలానా వీధి కాలవ పూడిక తీత" అని చదివినప్పుడు ఆ వీధివాళ్లు అక్కడే ఉంటారు కదా. తీశారో లేదో వాళ్లే చెబుతారు.

ఎంపీ నిధులైతే ఏడాదికి 5 కోట్లు. వాటిలో 15 శాతం ఎస్సీలు, 7.5 శాతం ఎస్టీలు ఎక్కువగా ఉండే చోట్ల ఖర్చు పెట్టాలని నిబంధన. చీమకుర్తి చుట్టుపక్కల ఉన్నవాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. గెలాక్సీ గ్రానైట్ తవ్వినందుకు లీజుదారులు రాయల్టీకి అదనంగా జిల్లా ఖనిజ నిధికి కడతారు. క్వారీ దుమ్ము మింగే ఊళ్ల నీళ్లకీ బడులకీ ఆసుపత్రులకీ ఉద్దేశించిన డబ్బది. ఆ నిధిని నడిపే ట్రస్టుకు అధ్యక్షత కలెక్టరుది. మీ ఊరికి అందులోంచి ఏ పని వచ్చిందో రాతపూర్వకంగా అడగండి.

పని జరిగిందా, సరిగ్గా జరిగిందా తేల్చేది ఎం-బుక్. కొలతల పుస్తకం. ఇంజినీరు కొలిచి రాసిన పొడవు, వెడల్పు, మందం అందులో ఉంటాయి. బిల్లు దాన్నిబట్టే. దాన్ని చదవడం పెద్ద విద్య కాదు, ఐదో తరగతి లెక్క. ఉదాహరణకి 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం అని రాశారనుకోండి. 100 ఇంటూ 3 ఇంటూ 0.15, మొత్తం 45 ఘనపు మీటర్ల కాంక్రీటు. మీరు వెళ్లి చూస్తే మందం 10 సెంటీమీటర్లే ఉంది. అప్పుడు పడింది 30 ఘనపు మీటర్లు. 15 ఘనపు మీటర్ల కాంక్రీటు పుస్తకంలో ఉంది, నేల మీద లేదు.

మందం ఎట్టా చూడాలి? రోడ్డు అంచున మట్టిని చేపారతో కొంచెం పక్కకి లాగండి. కాంక్రీటు అడుగు కనపడేదాకా. అడుగున గ్రావెలో, ఇసుకో పరుపు ఉంటుంది, దాన్ని కలపొద్దు. టేపు పెట్టి కొలిచి, టేపు అంకెలు కనపడేలా ఫొటో తీయండి. అంచున మందంగా పోసి నడిమధ్య పలచన చేసేవాళ్లూ ఉన్నారు, అలాగే అంచు కొంచెం విరిగి తక్కువ కనపడొచ్చు కూడా. కాబట్టి ఒక్క చోట చూసి ఆరోపణ చేయకండి. కనీసం నాలుగైదు చోట్ల కొలవండి. ఎక్కడ కాలవ దాటడానికి రోడ్డు తవ్వారో, పైపు వేయడానికి కోశారో అక్కడ నడిమధ్య మందం కూడా దొరుకుతుంది. ఇద్దరు ముగ్గురు పెద్దమనుషుల్ని పక్కన పెట్టుకుని కొలవండి, కొలిచిన మందాన్ని సరిగ్గా రాయండి. ఒక సెంటీమీటరు ఎక్కువ చెప్పినా మీ మాట మొత్తం పోతుంది.

ఐదోది: గ్రామసభలో ఒక్క వాక్యం రాయించడం

1994 పంచాయతీరాజ్ చట్టం గ్రామసభను తప్పనిసరి చేసింది. ఓటరైన ప్రతి ఒక్కరూ సభ్యులే. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టారు. అంత పెద్ద ఎత్తున జరగకపోయినా మామూలు సభ మీ ఊళ్లోనూ జరుగుతుంది. చాలాసార్లు దండోరా లేకుండా, పది మందితో.

వెళ్లండి. ఉపన్యాసం ఇవ్వొద్దు. "ఎస్టీ కాలనీలో ఇరవై ఇళ్లకి రూఫ్ లెవెల్ బిల్లు ఆగింది, కారణం రాతపూర్వకంగా చెప్పాలని తీర్మానం చేయండి" అనండి. అంతే. ఆ వాక్యం మినిట్స్ పుస్తకంలో పడేదాకా లేవొద్దు. పడ్డాక చదివించుకుని సంతకం పెట్టండి. ఖాళీ పేజీ కింద సంతకం ఎవరు అడిగినా పెట్టొద్దు. "తర్వాత రాసుకుంటాంలే" అంటారు, అప్పుడూ వద్దు. ఆ పేజీ ఫొటో తీసుకోండి.

ఒంటరిగా వెళ్లడానికి భయమేస్తుంది. పింఛన్ తీసేస్తారేమో, రేషన్ కార్డు తీసేస్తారేమో అన్న భయం ఉత్తది కాదు, పేదవాళ్లకి అది రోజువారీ భయం. అందుకే పొదుపు సంఘాన్ని వెంటబెట్టుకోండి. మన జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో ఆడవాళ్లు సారా దుకాణానికి అడ్డం నిలబడితే జిల్లా అంతా అంటుకుంది, 1993లో రాష్ట్రమే సారాను ఆపేసింది. ఆ పోరాటంలో ముందు నిలిచిన రోశమ్మ ఒక్కతే వెళ్లి ఉంటే దుకాణం ముందు నుంచి ఈడ్చేసి ఉండేవాళ్లు. ఇరవై మంది ఒకే కాయితం మీద వేలిముద్రలు వేసి ఇస్తే ఏ ఒక్కరి పింఛన్ మీదా ఎవరూ చెయ్యి వేయలేరు.

ఆరోది: సమాచార హక్కు దరఖాస్తు

నోటి మాటతో కదలకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకి ఫీజు లేదు. మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లు రుజువు జతచేస్తే అదీ అక్కర్లేదు. నగదు కడితే రసీదు అడగండి.

తెల్లకాయితం మీద తెలుగులోనే రాయండి. "ఎందుకు ఆపారు, ఎవరిది తప్పు" అని అడిగితే జవాబు రాదు. అభిప్రాయం చెప్పాల్సిన బాధ్యత వాళ్లకి లేదు. రికార్డు నకలు మాత్రం ఇచ్చి తీరాలి. ఇట్టా రాయండి:

"సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 6(1) కింద దరఖాస్తు. ఫలానా గ్రామం, ఫలానా కాలనీలో ఫలానా లబ్ధిదారు ఐడీ గల ఇంటికి సంబంధించి: మంజూరు ఉత్తర్వు నకలు. ఇప్పటిదాకా నమోదైన దశలు, వాటి తేదీలు, ఫొటోలు. ఆ పేరు మీద ఇచ్చిన సిమెంటు, స్టీలు పరిమాణం, తేదీలు, సంతకం ఉన్న రిజిస్టరు పేజీ నకలు. పంపిన బిల్లుల తేదీలు, ప్రస్తుతం ఏ అధికారి దగ్గర ఉన్నాయి. జమ అయిన మొత్తాలు, జమ తేదీలు, ఖాతా చివరి నాలుగు అంకెలు."

రోడ్డుకైతే అంచనా పత్రం, ఎం-బుక్ పేజీలు, నాణ్యత పరీక్ష నివేదిక, చెల్లింపు వోచరు అడగండి. నకళ్లకి పేజీకింత అని కట్టమంటారు. ఆ డబ్బూ లేకపోతే సెక్షన్ 2(జె) ప్రకారం రికార్డునీ పనినీ స్వయంగా చూసే హక్కు మీకుంది, మొదటి గంటకి ఫీజు లేదు.

30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే ఆ పైఅధికారికి 30 రోజుల్లోపు మొదటి అప్పీలు. దానికి ఫీజు లేదు. అదీ తేలకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కి. నా అనుభవంలో చాలా బిల్లులు జవాబు రాకముందే ఖాతాలో పడ్డాయి. దరఖాస్తు మీద ముద్ర పడగానే ఫైలు బల్ల మీదకి వస్తుంది మరి.

ఏడోది: సోమవారం

ప్రతి సోమవారం కలెక్టరేట్లలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది. నెల్లూరులో తిక్కన ప్రాంగణం, ఒంగోలులో ప్రకాశం భవన్. మండల ఆఫీసుల్లోనూ అర్జీలు తీసుకుంటారు, ముందు అక్కడ ఇచ్చి చూడండి. ఉదయగిరి నుంచి నెల్లూరు దాకా బస్సు ఛార్జీ, ఒక రోజు కూలి పోతాయి, అది తక్కువ నష్టమేమీ కాదు. 1100కి ఫోన్ చేసి కూడా నమోదు చేయించవచ్చు.

అర్జీ ఒక పేజీ దాటొద్దు. పైన ఐడీ, కింద ఒకే ఒక్క కోరిక. రోడ్డు, బిల్లు, పట్టా మూడూ ఒకే కాయితంలో రాస్తే మూడు శాఖలు ఒకరిమీద ఒకరు తోసేసుకుంటాయి. వేర్వేరుగా ఇవ్వండి. రసీదు నంబరు తీసుకోండి. కొన్నాళ్లకి మీ ఫోన్‌కి "పరిష్కరించబడింది" అని మెసేజ్ వస్తుంది. నిజంగా తేలలేదంటే ఆ జవాబు కాపీ తీసుకుని, అదే నంబరు రాసి, "పరిష్కారం కాలేదు, మళ్లీ తెరవండి" అని తిరిగి ఇవ్వండి. సిగ్గుపడొద్దు. మూడోసారి అదే నంబరు తెచ్చిన మనిషిని పెద్దాఫీసరు దగ్గర కూర్చోబెట్టి మాట్లాడించడం నేను చూశాను.

సామాజిక తనిఖీ బృందం మీ ఊరికి వస్తే ఇంట్లో ఉండండి. కూలికి పోకుండా ఒక పూట ఆగండి. గ్రామీణ్ పథకంలో ప్రతి పంచాయతీలో ఏడాదికొకసారైనా తనిఖీ జరగాలని నిబంధన. ఉపాధి హామీ పనుల తనిఖీ కోసం మన రాష్ట్రంలో 2009లోనే ప్రత్యేక సంస్థ పెట్టారు. బృందం రికార్డులు తెచ్చి ఇంటింటికీ తిరిగి సరిపోల్చుకుంటుంది, ఊళ్లో సభ పెడుతుంది, తర్వాత మండలంలో ప్రజావేదిక. అక్కడ మీరు స్వయంగా చెప్పిన మాటకి ఉన్న బరువు మా నివేదికలో పేజీలకి లేదు. బృందం వెళ్లిపోయాక వచ్చి రహస్యంగా చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. రాత్రిపూట బస్‌స్టాండ్‌లో చెవిలో చెప్పిన మాటని రికార్డులో ఎక్కించలేక నేను ఎంత బాధపడ్డానో.

పంచాయతీ, మున్సిపాలిటీ ఖాతాలను రాష్ట్ర ఆడిట్ శాఖ కూడా చూస్తుంది. ఆ అభ్యంతరాల నివేదిక నకలు కూడా సమాచార హక్కు కింద అడగవచ్చు. కేంద్ర పథకాల మీద ఎంపీ అధ్యక్షతన దిశ కమిటీ సమావేశమవుతుంది. మీ జడ్పీటీసీకి, ఎంపీపీకి ఆ సమావేశానికి ముందే మీ లెక్క రాసిచ్చి పెట్టండి.

టిడ్కో ఇళ్లవాళ్లకి ఒక మాట

నెల్లూరులో జనార్దన్‌రెడ్డి కాలనీ, అల్లీపురం లాంటి చోట్ల టిడ్కో అనే ప్రభుత్వ సంస్థ కట్టిన జీ ప్లస్ త్రీ (కింది అంతస్తు, పైన మూడు) ఇళ్లున్నవాళ్ల సమస్య వేరు. 300, 365, 430 చదరపు అడుగుల ఇళ్లు ఇవి. 365, 430 అడుగుల వాటికి మీ పేరున బ్యాంకు అప్పు ఉండొచ్చు. ఇంట్లో చేరారో లేదో అనే దానితో సంబంధం లేకుండా ఆ అప్పుకి వడ్డీ నడుస్తుంటుంది. అందుకని ముందు బ్యాంకులో రుణ ఖాతా స్టేట్‌మెంట్ తీసుకోండి. ఏ తేదీన ఎంత విడుదల చేశారు, కిస్తీ ఎప్పుడు మొదలైంది, మీకు ఇల్లు ఏ తేదీన అప్పజెప్పారు. ఈ మూడు తేదీలూ పక్కపక్కన రాసి సోమవారం అర్జీలో పెట్టండి. లిఫ్టు లేని మెట్లు, మురుగు ట్యాంకు, మోటారు బాగుచేయడానికి మీ బ్లాకు వాళ్లు సంఘంగా నమోదు కావడం అవసరం. నెలకింత అని వేసుకునే డబ్బుకి రసీదు పుస్తకం ఉండాలి.

చివరగా కాయితాల సంగతి

2021 నవంబరులో పెన్నా పొంగి కోవూరు వైపు ఇళ్లలోకి నీళ్లొచ్చినప్పుడు చాలామందికి వంట సామానుతో పాటు పట్టా, పాస్‌బుక్, మంజూరు కాయితం కొట్టుకుపోయాయి. డూప్లికేట్ల కోసం నెలలు తిరిగారు. అందుకని ప్రతి కాయితాన్నీ ఫోన్‌లో ఫొటో తీసి, ఊళ్లో లేని బంధువుకి కూడా పంపండి. అసలు కాయితాలు రెండు పాలిథిన్ కవర్లలో, ఒకదాంట్లో ఒకటి పెట్టి, మూతి మడిచి కట్టండి. పట్టా, మంజూరు పత్రం, ఐడీ రాసిన చీటీ, సామాను లెక్క పుస్తకం, అర్జీ రసీదులు, గ్రామసభ పేజీ ఫొటో ప్రింటు. ఆ కవరును పాక వాసానికి, పొయ్యికి దూరంగా, నీళ్లు అందని ఎత్తులో వేలాడదీయండి. స్లాబు పడి కొత్త ఇంట్లోకి మారేటప్పుడు పాల గిన్నెతో పాటు ముందు దాన్నే తీసుకెళ్లండి. కరెంటు మీటరుకి, ఇంటి పన్నుకి, ఆఖరి విడత బిల్లుకి మళ్లీ అవే కాయితాలు అడుగుతారు.